డ్రిల్లు మాస్టరుల గురువు

నేను తెలుగు పండితుడను. వాకాటిలోను, చుట్టుపట్టుల నున్న యూళ్లలోను ముప్పదియైదేండ్లు పిల్లలకు సంధులు, సమాసములు చెప్పి విరమించితిని. అట్టివాడు బంతియాటలను గూర్చి ప్రసంగించుట యేమని శ్రోతలు నవ్వుకొనవచ్చును. నవ్వదగినదే. మా తండ్రిగారు నన్ను అమరము వల్లెవేయుటకు కూర్చుండబెట్టినది మొదలు, పరుగెత్తువాడు చదువడనియు, చదువువాడు పరుగెత్తడనియు నమ్మి పెరిగితిని. ఆ నమ్మకము వలన నేను చేసిన పొరపాటొకటి కలదు. దానిని చెప్పుకొనక ముందు మఱియొకని కథ చెప్పవలసియున్నది.

పల్లెటూరి పాఠశాలలో ఉపాధ్యాయుల పట్టికయందు అందఱికంటె చివర నుండు పేరు డ్రిల్లు మాస్టరుది. మా పాఠశాలలోని డ్రిల్లు మాస్టరు చెన్నపట్టణమున సైదాపేట చెంతనున్న వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలలో చదివి వచ్చినవాడు. ఆయన బల్లసొరుగులో అట్ట యూడిన ఇంగ్లీషు పుస్తక మొకటి యుండెడిది. అది ఆటల నియమముల సంపుటము. నేను బాలవ్యాకరణమును చూచుకొన్నట్లు ఆయన దానిని చూచుకొనెడివాడు. దానిని కూర్చిన చిన్నయసూరి యెవడని యొకనాడు పరిహాసముగా నడిగితిని. హ్యారీ క్రో బక్ అని చెప్పెను.

ఈ బక్కుదొర 1884లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించెను. స్ప్రింగ్‌ఫీల్డు నగరమున వై.ఎం.సి.ఏ. వారి శిక్షణ కళాశాలలో చదివెను. ఆ విద్యాలయము సామాన్యమైనది కాదు. శీతకాలమున బయట మంచు కురియుచుండగా నాలుగు గోడల నడుమ కుఱ్ఱవాండ్రు ఆడుకొనుట కేది యుపాయమని వెదకి, 1891లో జేమ్సు నైస్మిత్తను బోధకుడు పండ్ల బుట్టలు తగిలించి బాస్కెట్‌బాలును కల్పించినది అచ్చటనే. అచ్చట చదివిన మోర్గనను నాతడే 1895లో వాలీబాలును కల్పించెను. నేడు మా సముద్రపు టొడ్డు పాళెములలో వలలు ఆరవేసిన తరువాత రెండు కఱ్ఱలు పాతి ఆడుచున్న యాట యిదియే. నా కది తెలిసినప్పుడు కొంత ఆశ్చర్యము కలిగెను. ఆంగ్లేయులు చెన్నపట్టణమునకు తరలిపోవుటకు ముందు మాకు చేరువనున్న దుర్గరాజపట్టణముననే వర్తకపు కొఠీ పెట్టుకొనియుండిరి. మా తీరము నుండి పోయినవారి పట్టణము మీదుగా ఈ యాట మా తీరమునకు వచ్చినది.

బక్కుదొర 1920లో చెన్నపట్టణమున వ్యాయామోపాధ్యాయుల కొఱకు విద్యాలయమును స్థాపించెను. మొదటి యేట శిష్యులు అయిదుగురు. 1943లో కన్నుమూయువఱకు ఆయనయే దానికి అధిపతి. ఆయన పద్ధతి యేమన, ఒక యాటలో ఆఱితేఱిన వానిని మెచ్చి విడిచిపెట్టుట గాదు. పరుగు, దూకుడు, కసరత్తు, బంతియాటలు అన్నియు నేర్వవలెను; నేర్చినదానిని పదుగురికి నేర్పగలుగవలెను; ఎముకల పేళ్లు, కండరముల పనియు తెలిసియుండవలెను. ఒక శాస్త్రము చదివినవాడు తక్కిన శాస్త్రముల గంధము లేనివాడైనచో పండితుడు గాడని మా గురువులు చెప్పెడివారు. అదియే ఇది. కాకున్న, మే మెన్నడును వారిని పండితులని పిలువలేదు.

1924లో పారిసు నగరమున జరిగిన ఒలింపిక్కు క్రీడలకు పోయిన మన క్రీడాకారులను వెంటబెట్టుకొని పోయినవాడు కూడ ఈయనయే. పతకము లేవియు రాలేదు. రానందుకు చిన్నబోయి కూర్చుండలేదు. తిరిగి వచ్చి మరల డ్రిల్లు మాస్టరులను తయారుచేయ సాగెను. 1953 వఱకు నెల్లూరు మదరాసు రాష్ట్రములోనిదే గదా! మన జిల్లాల పాఠశాలలకు వ్యాయామోపాధ్యాయులు పెక్కుమంది ఆ వాకిటి నుండియే వచ్చిరి.

మనవారిలో బలవంతుడనగానే కోడి రామమూర్తి నాయుడుగారిని తలతురు. తలవదగినవారే. ఆయనయు సైదాపేటలో వ్యాయామ శిక్షణము పొంది, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా నుండి, తరువాత సర్కసు పెట్టి దేశ దేశముల కీర్తి గాంచినవారు. 1942లో పరమపదించిరి. రొమ్ముపై ఏనుగును నిలుపుకొన్న వాని పేరు జనులు మఱవరు. బడిపిల్లలను వరుసగా నిలిపి ఊపిరి పీల్చుటయు విడుచుటయు నేర్పినవాని పేరు, ఆ పిల్లలకే జ్ఞాపక ముండదు.

ఇక నా పొరపాటు. ఒక సంవత్సరము పదవ తరగతి పరీక్షలు సమీపించుచుండగా, ఆటల గంటను నా కిమ్మని ప్రధానోపాధ్యాయునడిగి పుచ్చుకొంటిని. డ్రిల్లు మాస్టరు మెడలో ఈలతో వాకిటివఱకు వచ్చి, నన్ను చూచి, మాటాడక పోయెడివాడు. ఆ గంటలో నేను చెప్పిన దేమి? కుమారసంభవములో వటువేషమున వచ్చిన శివుడు శరీర రక్షణమును గూర్చి పార్వతికి చెప్పిన శ్లోకము! అన్వయము చెప్పితిని, తాత్పర్యము వ్రాయించితిని, పిల్లలను మాత్రము బల్లలనుండి కదలనీయనైతిని. అందలి హాస్యము ఆనాడు నాకు తట్టలేదు.

ఆ తరగతిలో పాళెము నుండి నడచి వచ్చు పట్టపువారి కుఱ్ఱవా డొకడుండెను. చదువు అంతంతమాత్రము, వల మీదికి ఎగిరి బంతిని కొట్టిన, తిరిగి తీయగలవాడు లేడు. నెలదినములలో వాడు బడి మానెను. మానినట్లు నేను పదునైదు దినములకు గాని గమనింపలేదు. డ్రిల్లు మాస్టరు నడిగితిని. ఆయన కోపపడలేదు.

“అయ్యవారూ, వాడు నా గంట కోసరమే మీ గంటలో కూర్చుండెడివాడండీ” అనెను.

ఇరువురమును పాళెమునకు పోయితిమి. వాడు తండ్రితో కూడ పడవ మీద పోయియుండెను. తల్లి మాకు కూర్చుండుటకు చాప వేసినది. వాడు మరల రాలేదు. ఆ మఱునాడు గంటను తిరిగి యిచ్చివేసితిని.

డ్రిల్లు మాస్టరు ఉద్యోగము విరమించునాడు ఆ పాత పుస్తకమును నాచేతికిచ్చి వెళ్లెను. దానిని నిఘంటువు దగ్గఱ పెట్టుకొని చదివితిని. ఇప్పుడు సాయంకాలము పాళెము వైపు నడచిపోవుదును. ఆడుచున్న పిల్లలు నన్ను గీత కొసన నిలువబెట్టి తీర్పు చెప్పుమందురు. మొన్న బంతి గీతమీదనే పడినది. ఇరుపక్షములవారును కేకలు వేసిరి. గీతమీద పడినది లోపల పడినట్లే యని పుస్తకమున నున్నది, అదే చెప్పితిని.