“అండ్ సన్స్” అను మాటను గూర్చి
(ఆర్యవైశ్య వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మదనపల్లె, పుంగనూరు, కుప్పము పట్టణములలోని మన వర్తకకుటుంబముల పూర్వోత్తరములను గూర్చి ముచ్చటింపుమని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము గద్దెమీద కూర్చుండి వ్యాపారము చేసినవారము కాము, బడిపంతులుగా పొద్దుపుచ్చినవారము. అయినను దినచిట్టాను, ధర్మశాస్త్రమును ప్రక్కప్రక్కన బెట్టి చదువు నలవాటు మాకు గలదు. అట్లు చదువగా మాకు తోచిన సంగతి యొక్కటే. మన పాత యంగళ్ళు కొన్ని, నడపువారు లేరని మూతపడుచున్నవి. ఆ యిండ్లలోనే చదువుకొన్న కుమార్తెలున్నారు. ఈ రెండు మాటలను ఒక్కచోట జేర్చి యాలోచింప వేడుటకే మేమిచట నిలిచితిమి.

మొదట మన యూళ్ళ సంగతి. చిత్తూరు జిల్లా 1911వ సంవత్సరమున నేర్పడినది. అంతకు ముందు మదనపల్లె కడప జిల్లాలోనిది. పుంగనూరు ఉత్తరార్కాటి జిల్లాలోని జమీను. కుప్పము కంగుంది జమీనులోని యూరు. ఎవరి లెక్కలో చూచినను ఇవి జిల్లా కొసనున్న తావులే. జీవనది లేదు. చెరువు నిండిన యేడు పంట. నిండని యేడు అప్పు. ఇట్టి మెట్టసీమలో వర్తకము స్థాపించుటకు ధనముకంటె ఓపిక యెక్కువ కావలసెను. చెరువెండిన యేట గూడ రాగులును, ఉప్పును అరువిచ్చి, మరుసటి పంటదాక కాచుకొనగలిగినవాడే యిక్కడ వర్తకుడుగా నిలిచినాడు.

కుప్పమునకు అదృష్టము ఇనుపదారి వెంట వచ్చినది. జోలార్‌పేటనుండి బెంగుళూరు దండు వరకు రైలుమార్గము 1864లో తెరవబడగా, మూడు భాషల పొలిమేరలు కలియు నా చిన్నయూరికి రెండువైపుల పెద్ద బజారులు దగ్గరైనవి. తెలుగున బేరము చేసి, అరవమున జాబు వ్రాసి, కన్నడమున వసూలు చేయుట కుప్పపు వర్తకునకు నిత్యకృత్యము. మదనపల్లెకు రైలు వచ్చియు రానట్లే వచ్చినది. ధర్మవరము పాకాల మార్గమున “మదనపల్లె రోడ్డు” అను స్టేషను ఊరికి క్రోసుల దూరమున వెలసినది. కావున అక్కడినుండి పేటకు సరకు చేర్చు బండ్లును, ఆ బండ్లకు పెట్టుబడియు కావలసినవి. పుంగనూరికి రైలే లేదు. సంతయే దానికి ఆధారము.

మదనపల్లెలో 1915వ సంవత్సరము గొప్పది. ఆ యేడే అనిబిసెంటమ్మగారి దివ్యజ్ఞాన కళాశాల ప్రారంభమైనది. ఆ యేడే ఆరోగ్యవరమున క్షయరోగ చికిత్సాలయము తెరవబడినది. దూరదేశపు విద్యార్థులు, రోగులు, వారి వెంట బంధువులు వచ్చిరి. వారికి బియ్యము, పాలు, గుడ్డ, మందు కావలసెను. ఏ యూరికైనను బడియు, ఆసుపత్రియు వచ్చినచో అంగడి వెనువెంట వచ్చును. నీరుగట్టువారిపల్లె మగ్గములపై నేసిన పట్టుచీరలు, తరువాతి కాలమున టమాటా మండీలు ఈ పట్టణమును దేశమంతట నెరుకపరచినవి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టున టమాటా కిలో ధర ఇన్నూరు రూపాయల దగ్గరకు చేరిన వార్త దేశమంతట ప్రాకినది. ఇతర సంవత్సరములలో అదే కాయ కోతకూలికైనను చాలక త్రోవప్రక్కన పోయబడుటయు మనము చూచినదే. ఇట్టి యాటుపోటులమధ్య రైతును, మండీని కలిపి యుంచు దారము నమ్మకమొక్కటే.

ఆ నమ్మకమును సంపాదించినదెవరు? మన పాత యంగడి కట్టడమును స్మరింపుడు. ముందు పంచపాళి, గల్లాపెట్టె, త్రాసు, వెనుక నిల్లు. ముందు భాగము పురుషులది, వెనుకభాగము స్త్రీలది. చింతపండునకు గింజ తీయుట, పప్పు చెరుగుట, మిరపకాయ తొడిమ త్రుంచుట వెనుక వాకిట జరిగినవి. సంతనాడు పల్లెలనుండి నడచివచ్చిన రైతునకు మజ్జిగ పోసినదియు, వాని భార్యతో కష్టసుఖములు చెప్పుకొన్నదియు ఆ యింటి యిల్లాలే. ఎవరి యింట పెండ్లి, ఎవరి యింట రోగము, ఎవరికి అరువిచ్చిన తిరిగి వచ్చును అను సంగతి ఆమెకు తెలిసినంత గుమాస్తాకు తెలియదు. ధాన్యము కొలుచునపుడు మొదటి మానికను “ఒకటి” యనక “లాభము” అని పలుకు మర్యాద మనది. ఆ లాభమును మూటగట్టి దాచినచేయి ఆమెది.

ఇంకొక మాట. పంట పోయిన యేడు, ధర పడిపోయిన యేడు, అంగడి నిలిచినది దేనివలన? ఆమె మెడలోని నగ తాకట్టునకు పోవుటవలన. ఆ సొమ్ముతో సరకు వచ్చినది, సరకు అమ్ముడుపోయినది, వ్యాపారము తేరుకొన్నది. అయినను ఆ నగ మూలధనముగా ఏ పుస్తకమునను ఆమె పేర జమ కాలేదు. శ్రీకారము చుట్టి, లక్ష్మికి పసుపు కుంకుమ లద్ది తెరచిన పుస్తకములో గృహలక్ష్మి పేరునకు ఖాతా లేకపోయినది. అంగడి నుదుట మాత్రము “ఫలానావారు అండ్ సన్స్” అని పలక వ్రేలాడినది.

నేడు ఆ “సన్స్” ఎక్కడ నున్నారు? బెంగుళూరున నున్నారు, హైదరాబాదున నున్నారు, సముద్రము దాటియు నున్నారు. వారు పోవుటను మేము తప్పుపట్టము. చదువుకొమ్మని పంపినది మనమే. కాని తండ్రి డెబ్బది యేండ్ల ప్రాయమున త్రాసు ముందు ఒంటరిగా కూర్చున్నాడు. సాయంకాలము కుమార్తె తన యుద్యోగమునుండి వచ్చి, 2017 జూలైనుండి అమలులోనికి వచ్చిన జి.ఎస్.టి. పద్దులు సరిచూచి, కంప్యూటరున నింపి, తండ్రికి భోజనము పెట్టి పోవుచున్నది. పని ఆమెది, పేరు సోదరునిది. తండ్రి పిమ్మట సోదరుడు వచ్చి అంగడిని అద్దెకిచ్చును, లేదా అమ్మివేయును. ఇది ఏ యొక్క యింటి కథయు కాదు, పలుచోట్ల జరుగుచున్నదే.

శాస్త్రము దీనికి అడ్డు వచ్చునా? మన ప్రాంతపు దాయభాగ వ్యవహారమునకు మూలము విజ్ఞానేశ్వరుని మితాక్షర. కల్యాణపురమున చాళుక్య విక్రమాదిత్యుని కాలమున వ్రాయబడిన యాజ్ఞవల్క్యస్మృతి వ్యాఖ్యానమది; పదుమూడవ శతాబ్దమున కేతన దానిని విజ్ఞానేశ్వరీయమను పేర తెనుగునకు దెచ్చినాడు. పుట్టుకతోడనే పితామహుని సొత్తున హక్కు కలుగునను సిద్ధాంతము మితాక్షరలోనిదే. ఆ హక్కును అది పుత్రపౌత్రులకే చెప్పినది. ఇది దాచదగినది కాదు. అయినను ఆ విజ్ఞానేశ్వరుడే స్త్రీధనమును వ్యాఖ్యానించుచు, మూలములోని “ఆద్య” యను నొక్క పదమును బట్టి, వారసత్వముగా వచ్చినది, కొన్నది, పంపకమున వచ్చినది కూడ స్త్రీధనమే యని విస్తరించి చెప్పినాడు. తరువాతి కాలపు న్యాయస్థానములు ఆ యర్థమును కుదించినవి. కావున స్త్రీకి సొత్తు తగదని మన పూర్వులు ఏకగ్రీవముగా చెప్పిరనుట సరికాదు.

ఇక నేటి చట్టము. హిందూ వారసత్వ చట్టము 1956లో వచ్చినను, ఉమ్మడి కుటుంబమున జన్మహక్కు కొడుకులకే మిగిలినది. మన ఆంధ్రప్రదేశ రాష్ట్రము దానిని సవరించి, 1985 సెప్టెంబరు 5వ తేదీనుండి కుమార్తెకును ఆ హక్కు నిచ్చినది. అయితే అప్పటికే వివాహమైన వారికి అది వర్తింపలేదు. 2005 సెప్టెంబరు 9వ తేదీన దేశమంతటికిని వర్తించు సవరణ వచ్చి, వివాహిత, అవివాహిత యను భేదమును తొలగించినది. ఆ నాటికి తండ్రి జీవించియుండకున్నను కుమార్తె హక్కునకు లోపము లేదని 2020 ఆగస్టు 11న సర్వోన్నత న్యాయస్థానము తేల్చినది. ఉమ్మడి కుటుంబములో పెద్దకుమార్తె కర్త కావచ్చునని ఢిల్లీ హైకోర్టు 2015 డిసెంబరులో తీర్పు చెప్పినది. అయితే తండ్రి స్వార్జితము వేరు, పిత్రార్జితము వేరు, భాగస్వామ్య వ్యాపారము వేరు. భాగస్వామ్యమున పేరు చేరవలెనన్న పత్రము వ్రాసికొనవలసినదే. అందుచేతనే పెద్దలు బ్రతికియుండగనే ఆలోచింపవలెనని మా మనవి.

“కూతురు వేరొక గోత్రమునకు పోవునది గదా!” యని కొందరందురు. గోత్రము పూజకు, వివాహమునకు. బేరమునకు గోత్రమున్నదా? కుమారుడు వేరొక ఖండమునకు పోయినను వాడు మనవాడే. కుమార్తె రెండు వీథుల కవతలి యింటికి పోయిన పరాయిదా? “పెండ్లికి ఖర్చుపెట్టితిమి, అదియే ఆమె భాగము” అని మరికొందరందురు. పెండ్లికి పెట్టినది చుట్టములు భుజించిరి. పందిరివారు, నగలవారు తీసికొనిరి. అది ఆమె చేతికి రాలేదు. కొడుకు చదువునకు పెట్టిన ఖర్చును వాని భాగమునుండి ఎవరైన తీసివేసిరా? “ఆమె భర్తయో, అత్తవారో అంగడిలో జోక్యము కలిగించుకొందురు” అనునది మూడవ యాక్షేపణ. ఇది కొంత విచారింపదగినదే. దానికి మందు కుమార్తెను త్రోసివేయుట కాదు. ఎవరి భాగమెంత, సంతకమెవరిది యని పత్రమున స్పష్టముగా వ్రాసికొనుట. అన్నదమ్ముల నడుమ మాత్రము ఇట్టి తగవులు లేకపోయినవా?

పుంగనూరు పొట్టియావు కథ మీకందరకు తెలిసినదే. మెట్టగడ్డి మేసి, చిక్కని పాలిచ్చు నా జాతిని మనము చులకన చేసి, పెద్ద పొదుగుల సంకరజాతుల వెంట బడితిమి. అది అంతరించుచున్నదని తెలిసిన తరువాత పలమనేరు పశుపరిశోధన స్థానమున దానిని సంరక్షింపవలసివచ్చెను. నేడు లక్షలు పోసి కొనుచున్నారు. ఇంట నున్నదాని విలువ పోయిన వెనుక తెలియుట మన సీమకు క్రొత్త కాదు. అంగళ్ళ విషయమున నైనను ముందుగా మేలుకొందము.

మనము పూజించు దేవత యెవరు? పెనుగొండలో కుసుమశ్రేష్ఠి కుమార్తె. ఆమెకు విరూపాక్షుడను సోదరుడు గలడు; అయినను కులమునకు సంకటము వచ్చిననాడు దారి చూపినది వాసవియే. ఆమె మాట విని నూటరెండు గోత్రములవారు అగ్నిగుండమునకు నడచిరని మన పురాణము చెప్పుచున్నది. వైశాఖ శుద్ధ దశమినాడు ఆమె జయంతి చేయుచున్నాము; మాఘ శుద్ధ విదియనాడు ఆత్మార్పణ దినము జరుపుచున్నాము. కన్యకను కులమాతగా కొలుచు మనము, మన యింటి కన్యకకు పద్దుపుస్తకమున నొక పుట ఈయలేమా?

కావున ఈ మహాసభవారికి మూడు విన్నపములు. మొదటిది: కుమార్తెను “పసుపు కుంకుమ” పేర కొంచెము సొమ్ము చేతబెట్టి, చదువనీయక హక్కు విడుదల పత్రముపై సంతకము చేయించు నాచారమును మన సంఘము నిరసింపవలెను. ఆమె ఇష్టపడి విడుచుకొన్న అది వేరు; తెలియక విడుచుకొనుట మోసము. రెండవది: సంఘము ఇచ్చు విద్యార్థివేతనములలో వాణిజ్యము, లెక్కల పరిశోధన చదువు బాలికలకు తగిన భాగము కేటాయింపవలెను, వేసవి సెలవులలో బాలురతోపాటు బాలికలను గూడ గద్దెమీద కూర్చుండబెట్టి, తూకము, ధర, అరువు, వసూలు నేర్పవలెను. మూడవది: వ్యాపార పత్రములు తిరుగవ్రాయించునపుడు కుమార్తెను భాగస్వామిగా చేర్చిన కుటుంబమును వచ్చు సభలో గౌరవింపవలెను.

ఇందు సొత్తు మాట యొక్కటే లేదు. పెద్దమనిషి మరణించి అంగడి మూతపడిననాడు పల్లెరైతు అరువడుగుటకు చోటులేనివాడగును. సత్రమునకు బియ్యమిచ్చు దాత తగ్గును. కన్యకాపరమేశ్వరి గుడిలో దీపమునకు నూనె పోయువాడు పొరుగూరివాడగును. ఒక్క యంగడివెంట ఊరి జీవనములో నింత భాగము పోవును. దానిని నిలుపు శక్తి గలవారు మన యిండ్లలోనే, మన ముందరనే యున్నారు. వారి పేరు పలకమీద వ్రాయుటకు చేయవలసిన ఖర్చు ఒక రంగుడబ్బాయు, ఒక ముద్రకాగితమును మాత్రమే.

వాసవీమాత మన కుమారులను, కుమార్తెలను సమముగా కాపాడుగాక!

స్వస్తి.