హక్కుకు ఆధారం సరైన లెక్క
(కరీంనగర్‌లో విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమాజం వెనుకబడి ఉందని సభల్లో తరచూ చెప్పుకుంటాం. అయితే విన్నపం కార్యాలయానికి చేరిన తరువాత అధికారి అడిగే మొదటి ప్రశ్న, ‘దీనికి ఆధారమేమిటి?’ అని. 2006 నాటి సచార్ కమిటీ నివేదికను, 2016 నాటి సుధీర్ కమిషన్ నివేదికను ఇప్పటికీ ఉదహరిస్తున్నామంటే, అందుకు కారణం వాటిలోని గణాంకాలే.

ఆ లెక్కను ఎలా సేకరించారన్నది కూడా అంతే ముఖ్యం. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ కల్పించిన 2007 నాటి చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. వెనుకబాటును నిర్ధారించిన ప్రమాణాలను, సమాచారం సేకరించిన పద్ధతిని తప్పుపట్టింది. ఆ మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినందువల్ల మన పిల్లలకు ఆ సీట్లు దక్కాయి. సర్వేలో లోపముంటే ఎంతటి నష్టం వాటిల్లగలదో దీనిని బట్టి గ్రహించవచ్చు.

అందుచేత శాతవాహన, కాకతీయ విశ్వవిద్యాలయాల పరిధిలో చదువుతున్న మన యువత సర్వే విద్యను అభ్యాసం ద్వారా నేర్చుకోవాలి. ఇందుకు కళాశాల ఆవరణలోనే ఒక రోజు కార్యక్రమం చాలు. మూడు అభ్యాసాలు సూచిస్తాను.

మొదటిది నమూనా ఎంపిక. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుందంటారు. సమాజం అలా సమానంగా ఉడికిన అన్నం కాదు. ఒక గంగాళంలో అడుగున చింతగింజలు, పైన శనగలు పోసి, కలపకుండా పిడికెడు తీయించండి. పిదప బాగా కలిపి మళ్ళీ తీయించండి. రెండు ఫలితాలనూ బోర్డు మీద వ్రాయండి. జుమా నమాజు తరువాత మసీదు మెట్ల వద్ద వందమందిని ప్రశ్నించడం, కలపని గంగాళంలో చెయ్యి పెట్టడం వంటిదే. స్త్రీలు, గల్ఫ్‌లో ఉన్నవారు ఆ లెక్కలోకి రారు.

రెండవది ప్రశ్న కూర్పు. సగం తరగతిని ‘మీ అమ్మగారు ఉద్యోగం చేస్తారా?’ అని, మిగతా సగాన్ని ‘బీడీలు చుట్టడం, కుట్టుపని వంటి ఆదాయం వచ్చే పని ఏదైనా ఇంట్లోగానీ బయటగానీ చేస్తారా?’ అని అడగండి. మొదటి ప్రశ్నకు ‘లేదు, ఇంట్లోనే ఉంటారు’ అన్న జవాబు సులభంగా వస్తుంది. రోజంతా బీడీలు చుట్టే తల్లి శ్రమ అక్కడ మాయమవుతుంది. ప్రశ్నలను తెలుగులో, ఉర్దూలో, ఆదిలాబాద్ వైపు అవసరమైతే మరాఠీలో కూడా సిద్ధం చేయాలి.

మూడవది తలుపు తట్టే పద్ధతి. హాజరు పట్టీలో ప్రతి పదవ పేరును ఎంచి, ఆ విద్యార్థినే వెతికి అడగండి. అతడు రాలేదని పక్కవాడిని అడగరాదు. మొహల్లాలో కూడా ప్రతి పదవ ఇంటికి వెళ్ళి, తాళముంటే సాయంత్రం మళ్ళీ వెళ్ళాలి. స్త్రీలతో విద్యార్థినులే మాట్లాడితే మేలు.

ఇంకొక మాట. పౌరసత్వ పట్టికల చర్చ నడిచిన నాటి నుండి, కాగితం పట్టుకొని వచ్చినవారిని చూస్తే మన ఇళ్ళలో భయం కలుగుతున్నది. మీరెవరో, వివరాలు దేనికో ముందుగా చెప్పండి. ఆధార్ సంఖ్య అడగవద్దు. జవాబివ్వడం ఇష్టంలేదంటే సలాం చెప్పి వచ్చేయండి. చెప్పిన వివరాలు అమానత్. పేర్లు బయటపెట్టడం ఖియానత్ అవుతుంది.

భారతదేశంలో నమూనా సర్వేలకు బాట వేసిన మహలనోబిస్ జన్మదినమైన జూన్ 29ని 2007 నుండి జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుతున్నారు. రానున్న జూన్ 29న మీ కళాశాలలో ఈ మూడు అభ్యాసాలు చేయండి. చేయి తిరిగిన తరువాత ఒక్క మొహల్లాను ఎంచుకొని, బడి మానిన ఆడపిల్లల లెక్క తీయండి. ఆ లెక్కను, దానిని తీసిన పద్ధతిని కూడా వ్రాసి కలెక్టరేటులో అందజేద్దాం, ఇన్షా అల్లాహ్. అప్పుడు మన విన్నపాన్ని ఆధారం లేదని పక్కన పెట్టడం ఎవరికీ సులభం కాదు.