బాల్టిమోర్ యూదుల బడులు

ఓ మాస్టారి పేరున జరిగే ఈ ఉపన్యాసం చదువు గురించి ఉండాలన్నది నిర్వాహకుల నియమం. ఎవరి చదువో చెప్పలేదు కనుక, ఈసారి అమెరికా తూర్పు తీరంలోని బాల్టిమోర్ యూదుల చదువు గురించి మాట్లాడతాను.

రష్యా సామ్రాజ్యంలో దాడులకు తాళలేక 1880ల నుంచి అమెరికాకు వలస వచ్చిన యూదుల్లో ఎందరో ఈ రేవుపట్నంలో స్థిరపడ్డారు. వాళ్ల కోసం స్థానిక రబ్బీ (యూదు మతగురువు) కూతురు హెన్రియెట్టా జోల్డ్ 1889లో రాత్రిబడి పెట్టింది. నేర్పింది ఇంగ్లీషు. ముందు బతుకు, తర్వాతే మిగతావి. వైద్యం చదవడానికి 1898లో అదే ఊరొచ్చిన శామ్సన్ బెండర్లీ ఆ వృత్తి మానేసి హీబ్రూ చదువు చేపట్టాడు. పిల్లలు పగలు ప్రభుత్వ బడిలో అందరితో కలిసి చదవాలి, యూదు విద్య ఆ తర్వాతి గంటల్లో నేర్చుకోవాలి అన్నది ఆయన పక్షం. 1910లో న్యూయార్కు వెళ్లి అదే పద్ధతిని పెద్దయెత్తున నడిపాడు.

బాల్టిమోర్‌లోనే 1917లో రబ్బీ అబ్రహాం ష్వార్జ్ వేరే దారి పట్టాడు. ఆయన పెట్టిన తాల్ముడికల్ అకాడమీ పగటి బడి. ధర్మగ్రంథాలూ, లెక్కలూ ఇంగ్లీషూ ఒకే కప్పు కింద. పిల్లలందరూ ప్రభుత్వ బడికే వెళ్లాలన్న ఓరెగన్ రాష్ట్ర చట్టాన్ని 1925లో సుప్రీంకోర్టు కొట్టేయడంతో ఇలాంటి బడులకు చట్టపరమైన ధీమా దొరికింది. దావా వేసింది కేథలిక్ సన్యాసినులు, ఒక సైనిక పాఠశాల; యూదులు కాదు.

1933లో, ఆర్థికమాంద్యం నడుమ, లిథువేనియాలోని స్లబొద్కా యెషివాలో, అంటే ధర్మశాస్త్ర పాఠశాలలో, చదివిన రబ్బీ రూడర్మన్ ఉన్నత విద్య కోసం నేర్ ఇజ్రాయెల్ యెషివాను స్థాపించాడు. యెషివా పఠనశాలలో నిశ్శబ్దం ఉండదు. ఇద్దరిద్దరు ఎదురుబొదురు కూర్చుని యూదు ధర్మశాస్త్ర గ్రంథమైన తాల్ముద్ పంక్తిని పైకి చదువుతూ, గొంతు పెంచి వాదించుకుంటారు. పుట మధ్యలో మూలం, ఒక పక్క పదకొండో శతాబ్దపు రాషీ వ్యాఖ్య, మరో పక్క ఆయన తర్వాతివాళ్ల ఆక్షేపణలు. మన మల్లినాథసూరి వ్యాఖ్యతో కాళిదాసును చదివినవాళ్లకు ఈ పుట కొత్తగా అనిపించదు. కొత్తదల్లా పద్దెనిమిదేళ్ల కుర్రాడు రాషీతో విభేదించడానికి తంటాలు పడటం. నేర్ ఇజ్రాయెల్ విద్యార్థుల్లో కొందరు సాయంత్రాలు కాలేజీ చదువూ చదువుతారు. 1970ల చివర ఇరాన్ అట్టుడికినప్పుడు అక్కడి యూదు యువకులను రప్పించి చేర్చుకున్నదీ ఈ యెషివాయే.

ఆడపిల్లలకు 1942లో బైస్ యాకోవ్ బడి వచ్చింది. ఈ ఒరవడికి ఆద్యురాలు క్రాకోలో బట్టలు కుట్టిన సారా షెనిరెర్. అయితే ఈ బడుల్లో అమ్మాయిలకు సాధారణంగా తాల్ముద్ నేర్పరు. ఇది నాకు మింగుడుపడదు. బోస్టన్‌లో 1937లో రబ్బీ సొలోవేచిక్ పెట్టిన మైమొనిడిస్ స్కూల్లో అమ్మాయిలూ తాల్ముద్ చదువుతారు. కాబట్టి శాస్త్రం ఒప్పదన్న మాట చెల్లదు.

ఇంకో లోపమూ దాచకూడదు. న్యూయార్కులో హసీదీలనే నిష్ఠాపరులైన యూదు శాఖవారి కొన్ని బడుల్లో మగపిల్లలకు ఇంగ్లీషు, లెక్కలు సరిగా నేర్పడం లేదని పూర్వవిద్యార్థులే ఫిర్యాదు చేస్తే, 2022లో ఆ రాష్ట్రం కొత్త నిబంధనలు తెచ్చింది.

బాల్టిమోర్ బడుల ఖర్చులో అధికభాగాన్ని భరించేది ఫీజులూ విరాళాలే. అంత భారం ఎలా మోస్తున్నారు? ఒక కారణం వాళ్లు ఒకేచోట ఉండటం. వారపు విశ్రాంతిదినమైన సబ్బాతు రోజున నిష్ఠగల యూదులు కారెక్కరు. ప్రార్థనాలయమైన సినగాగుకు నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లుండాలి. అందుకే బాల్టిమోర్ ప్రాంతపు పేటలైన పార్క్ హైట్స్, పైక్స్‌విల్‌లలో వాళ్ల ఇళ్లన్నీ దగ్గరదగ్గరగా ఉంటాయి. ఒకేచోట కాపురాలు, కాపురాల నిండా పిల్లలు, ఆ పిల్లలకు బడులు.

ఇక మన విషయానికొస్తే, అమెరికా తెలుగువాళ్లు వారాంతాల్లో నడిపే తెలుగు తరగతులు బెండర్లీ పక్షానివి. వాటిని తక్కువ చేయను. అమెరికా యూదు పిల్లల్లో ఎక్కువమంది నేటికీ చదివేది ప్రభుత్వ బడుల్లోనే. అలాగని మనమూ పగటి బడి పెడదామంటే, మనల్ని ఒక పేటలో కట్టిపడేసే సబ్బాతు మనకు లేదు. అక్కడున్న మన సంఘాల పెద్దలకు నా విన్నపం ఒక్కటే: ఏడాది పండుగల ఖర్చులో సగం తీసి, తెలుగు చెప్పే ఉపాధ్యాయులకు జీతాలివ్వండి.