పెట్టెలోకి నీళ్లొచ్చిన రాత్రి

 

ఇవాళ పట్టా అందుకోబోతున్న మీలో కొందరు బడిలోని అటల్ టింకరింగ్ ల్యాబులోనే మొదటిసారి సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నారని ఇందాక మీ ఆచార్యులు చెప్పారు. నేను చెప్పబోయేదీ బడిపిల్లల కథే.

అది 2004 జూన్. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఈతకొలనులో, నీటి అడుగున పనిచేసే రోబోల పోటీ. ఎడారి నగరం ఫీనిక్స్ నుంచి, కార్ల్ హేడెన్ అనే ప్రభుత్వ పాఠశాల నుంచి నలుగురు కుర్రాళ్లు వచ్చారు. క్రిస్టియన్, లొరెంజో, ఆస్కార్, లూయీస్. మెక్సికో నుంచి వలస వచ్చిన పేద కుటుంబాల పిల్లలు. ఎక్కువమందికి ఆ దేశంలో ఉండటానికి కాగితాలు లేవు. ఓడితే కాలేజీవాళ్ల చేతిలోనే ఓడదాం, అందులో చిన్నతనమేముందని వాళ్ల మాస్టార్లు ఫ్రెడి లజ్వర్ది, అలన్ కామెరాన్ కలిసి వాళ్లని కాలేజీల విభాగంలోనే దింపారు. ఆ విభాగంలో ఎం.ఐ.టి. జట్టు ఉంది. పన్నెండు మంది, వెనక ఎక్సాన్‌మొబిల్ ఇచ్చిన 5,000 డాలర్లు. మనవాళ్లు చందాలు పోగుచేసుకున్నది దాదాపు 800 డాలర్లు. మనవాళ్లు అనేశాను. అననివ్వండి.

ఆ డబ్బుతో వాళ్లు పీవీసీ గొట్టాలు కొన్నారు. వాటిని అతికించే జిగురు వాసన భరించలేక రోబోకి స్టింకీ అని పేరు పెట్టారు, కంపుది అని. నీళ్ల చల్లదనం కొలవడానికి ఏ పరికరం కొనాలో తెలియకపోతే, వాటిని తయారుచేసే కంపెనీకే ఫోన్ చేశారు. అవతలి ఇంజనీరు విసుక్కోకుండా విడమరచి చెప్పాడు.

బ్యాటరీని గట్టు మీద పెట్టి తీగ లాగడం అందరూ చేసే పని. వీళ్లు నీళ్లు చొరని పెట్టెలో పెట్టి రోబోతోపాటే ముంచాలనుకున్నారు. తీగ సన్నబడుతుంది, రోబో తేలిగ్గా తిరుగుతుంది. కానీ పెట్టెలోకి చుక్క నీరు దిగితే అంతా అయిపోయినట్టే. తీరా పోటీకి వచ్చాక నీరు దిగింది. తీగల అతుకులు కూడా ఊడాయి. చేతిలో ఒక్క రాత్రే ఉంది.

క్రిస్టియన్, ఆస్కార్ అర్ధరాత్రి దాటేదాకా కూర్చుని తీగలు మళ్లీ సోల్డర్ చేశారు. నీటి సంగతేమిటి? దాన్ని ఆపలేకపోతే పీల్చేద్దామనుకున్నారు. దేనితో? నెలసరిలో ఆడవాళ్లు వాడే టాంపన్లతో. పదహారేళ్ల లొరెంజో దుకాణానికి వెళ్లి, ఆ అరల ముందు నిలబడి, ఏది కొనాలో తెలియక, అక్కడ సరుకులు కొంటున్న ఒకావిడని అడిగాడు. రోబో కోసమని చెప్పాడు. ఆవిడ మంచివేవో చూపించింది. వాటిని పెట్టెలో కూరారు. మర్నాడు తీగలు తడవలేదు.

నేను మెకానికల్ ఇంజనీరుని. పంపుల సీళ్లు, గాస్కెట్ల మధ్యే ముప్ఫయ్యేళ్లు గడిపాను. ఆ పరిష్కారం నాకు తట్టేది కాదు. తట్టినా పైకి అనేదాన్ని కాదు. ఇప్పటికీ మందుల షాపుల్లో ఆ ప్యాకెట్టును పాత పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి ఇస్తారు. నేనూ అలాగే తెచ్చుకున్నాను. మొదటి ఉద్యోగంలో ఒక డ్రాయింగు అర్థంకాక, అడిగితే ఆడపిల్ల కాబట్టి తెలియదంటారేమోనని నోరు విప్పలేదు. ఆ భాగం మూడు వారాల తర్వాత తుక్కులోకి పోయింది. అందుకే ఆ కుర్రాడు ఆవిడని అడిగిన క్షణం ఇన్నేళ్లుగా నా మనసులో ఉండిపోయింది.

మొత్తం మీద మొదటి బహుమతి వాళ్లకే వచ్చింది. ఎం.ఐ.టి. రెండోది.

అంతటితో కథ సుఖాంతమైతే నాకూ బాగుండేది. 2006లో అరిజోనా ఓటర్లు ఒక చట్టాన్ని ఆమోదించారు. కాగితాలు లేని విద్యార్థులకు స్థానికుల ఫీజు వర్తించదని, ప్రభుత్వ సాయం అందదని. క్రిస్టియన్ విశ్వవిద్యాలయం మానేయాల్సి వచ్చింది. ఆస్కార్ నెట్టుకొచ్చి 2009లో మెకానికల్ ఇంజనీరయ్యాడు. అధ్యక్షుడు ఒబామా ప్రసంగించిన ఆ స్నాతకోత్సవంలో ప్రత్యేకంగా గుర్తించిన విద్యార్థుల్లో అతనొకడు. ఆ పట్టా పట్టుకుని అతను వెళ్లింది ఉద్యోగానికి కాదు, మెక్సికోకి. పద్ధతి ప్రకారం వీసా అడుగుదామని వెళితే పదేళ్లు రాకూడదన్నారు. ఒక సెనేటరు పూనుకున్నాక 2010లో మినహాయింపు దొరికింది. తర్వాత అమెరికా సైన్యంలో చేరి అఫ్గానిస్తాన్ వెళ్లాడు, పౌరుడయ్యాడు.

ఇవాళ మీకు పట్టా ఇచ్చేటప్పుడు ఆ కుర్రాళ్లని అడిగిన కాగితాలు ఎవరూ అడగరు. ఇంతమంది అమ్మానాన్నల ముందు ఈ మాట అంటుంటే నాకు గొంతు పట్టేస్తోంది.

ఫోనెత్తి సమాధానం చెప్పిన ఆ ఇంజనీరు, అవతలివాళ్లది ఏ బడి అని చూడలేదు. నా నంబరు మీ ప్రిన్సిపాల్ గారి దగ్గర పెట్టి వెళుతున్నాను. మీ ఊరి బడిపిల్లలు ఏదైనా తయారుచేస్తూ ఎక్కడైనా ఆగిపోతే ఇవ్వండి. తెలుగులోనే అడగమనండి. రాత్రి పదింటిదాకా ఎత్తుతాను.