ముట్టి చూడదగిన సైన్సు

పాఠశాలలలో ఏటేట జరుగు వైజ్ఞానిక ప్రదర్శనలను శ్రోతలలో అనేకులు చూచియే యుందురు. బల్లపై థర్మోకోల్ కొండ, దాని నోట ఎఱ్ఱని రంగు. ప్రక్కన నిలిచిన బాలిక కంఠస్థము చేసిన నాలుగు వాక్యములను వచ్చినవారికెల్ల అప్పగించుచుండును. ముందు ‘ముట్టరాదు’ అను చీటి. ఆ కొండను చేసిన చేతులు తఱచుగా తండ్రివో, దుకాణదారునివో అయి యుండును. ఆ బాలికయందు దోషము లేదు. చూడవచ్చినవారు తమ చేతితో దీనియందు ఏమి మార్చగలరని ఆమెను ఎవరును అడుగలేదు, అంతే. విద్యార్థులచే ప్రదర్శన వస్తువులను రూపొందింపజేయు కార్యశాలలు ఈ ప్రశ్నతోడనే ఆరంభము కావలయునని మా అభిప్రాయము.

ఈ దృష్టికి పేరుపొందిన స్థలము అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందలి ఎక్స్‌ప్లొరేటోరియము. దానిని 1969లో స్థాపించిన భౌతికశాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ ఓపెన్‌హైమరు, అణుబాంబు నిర్మాణమునకు నాయకత్వము వహించిన రాబర్టు ఓపెన్‌హైమరునకు తమ్ముడు. రాజకీయ కారణములచే 1949లో విశ్వవిద్యాలయ ఉద్యోగమును కోల్పోయి, కొలరాడోలో పశువులను పెంచుకొనుచు కొన్ని సంవత్సరములు గడపి, పిదప అచ్చటి చిన్న ఊరి ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. ఆయన మ్యూజియములో వడ్రంగము, లోహపుపని జరుగు శాల సందర్శకుల కన్నుల యెదుటనే యుండెను. వచ్చినవారికి తోడ్పడువారు ఉన్నత పాఠశాల విద్యార్థులు. తమ వస్తువులను ఎట్లు చేయవలెనో వంటల పుస్తకమువలె అచ్చువేసి, ఎవరైనను చేసికొనవచ్చునని లోకమునకు ఇచ్చివేసిరి.

మన పాఠశాలలో ఇది ఎట్లు సాగునో ఒక ఉదాహరణముతో చూతము. లోలకమును గూర్చి చేయుడని చెప్పినచో, పిల్లలు మొదట గీయు చిత్రములో దారమునకు వ్రేలాడు గుండు ఒకటి, సూత్రము వ్రాసిన పెద్ద అట్ట ఒకటి యుండును. చూపరికి పని లేదు. కార్యశాల నడుపువారు ఆ అట్టను తీసివేయించి, దూలమునకు రెండు దారములను కట్టింపవలయును. చివర కొక్కెములుండిన ఏ గుండునైనను తగిలింపవచ్చును; పైన మేకుండిన దారమును చుట్టి పొడవు తగ్గింపవచ్చును.

పిదప లోలకమన నేమో యెఱుగని చిన్న తరగతి పిల్లవానిని పిలిచి, చేసినవారిని నోరు మెదపక చూడుమనవలయును. అన్నింటికంటె కష్టమైన పాఠము ఇదియే. వాడు గుండును బలముగా లాగి వదలును, దారములు రెండును పెనవేసికొనును, కొక్కెము ఊడిపడును. ‘అట్లు కాదురా!’ అని చేసినవారు అరవబోవుదురు. అరవరాదు, ప్రదర్శననాడు వచ్చు నూఱుగురును అట్లే చేయుదురు. దారముల నడుమ జానెడు ఎడము పెంచుట మరునాటి పని.

ఇక గుండ్ల సంగతి. బరువు మారినను ఊపునకు పట్టు కాలము మారదని చూపుటకు చిన్న రాతిని, పెద్ద రాతిని కట్టిరనుకొనుడు. కాలములు సరిపోవు! సూత్రము తప్పా? కాదు. లోలకపు పొడవును గుండు నడిమి వఱకు కొలువవలయును. పెద్ద రాతి నడిమి మఱింత క్రిందుగా నుండుటచే ఆ లోలకము పొడవైనది. ఒకే పరిమాణము గల చెక్కగుండును, ఇనుపగుండును తగిలించినచో చిక్కు విడిపోవును. (చెక్కగుండు గాలి తాకిడికి ముందుగా ఆగిపోవును, అది మఱియొక ప్రశ్న.) పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకొన్నవానికిని ఈ చిక్కు చేతికి తగులువఱకు తెలియదు.

మీటరు పొడవు గల లోలకము, ఊపు చిన్నదైనచో, ఒకమాఱు పోయి వచ్చుటకు సుమారు 2 సెకనులు పట్టును. దానిని 1 సెకనుకు తెచ్చుటకు పొడవును ఎంత తగ్గింపవలెను? సగమని తోచుట సహజము. సగము చేసి లెక్కించినవాడు సరిపోలేదని తానే కనుగొనును; 25 సెంటీమీటరులకు దింపినగాని కుదరదు. అట్టమీద వ్రాయవలసినది ఆ ప్రశ్న, జవాబు కాదు.

మన దేశమున 1965లో బెంగుళూరునందు విశ్వేశ్వరయ్య మ్యూజియము తెఱవబడెను. 1978లో జాతీయ విజ్ఞాన మ్యూజియముల మండలి ఏర్పడెను. 1993 నుండి తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రము కలదు. సంతోషమే. కాని దూరపు పల్లెలోని పిల్లకు ఏడాదికొకమాఱు అచ్చటికి బస్సెక్కుటయే గొప్ప. పై లోలకమునకు దారము, గుండ్లు, కొక్కెములు చాలును. దూలము పాఠశాలలోనే కలదు. కొఱత బహుమతులిచ్చువారి దృష్టిలో నున్నది. రంగులను, దీపములను చూచి మార్కులు వేయునంతకాలము తండ్రులు దుకాణములకు పోవుచునే యుందురు. ‘దీనిని ఎన్నిమాఱులు విప్పి కట్టితివి? ఏల?’ అని న్యాయనిర్ణేతలు అడిగినచో, కొని తెచ్చినవాని నోట మాట రాదు.

ముట్టనిచ్చిన వస్తువు చెడిపోవును గదా యని ఉపాధ్యాయులు జంకుదురు. నిజమే, చెడిపోవును. బల్ల క్రింద దారపు ఉండ, కత్తెర, అదనముగా కొక్కెములు ఉంచి, బాగుచేయు పనిని పిల్లలకే వంతులవారిగా అప్పగింపవలయును. తెగిన దారమును ముడివేసిన పిదప పొడవును మరల వారిచేతనే కొలిపింపవలయును.