మెరిసే సాకెట్ గన్నుకు తొడగొద్దు

సర్టిఫికెట్లు అందుకున్న పిల్లలందరికీ అభినందనలు. డీజిల్ మెకానిక్, మోటార్ మెకానిక్ ట్రేడుల వాళ్లు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి నేరుగా పనిలోకి దిగుతాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ఓ లారీల షెడ్డులో హెల్పర్‌గా చేరిన రోజుల్లో చక్రం విప్పాలంటే వీల్ పానాకు పొడుగాటి పైపు తొడిగి, ఇద్దరం ఎక్కి తొక్కేవాళ్లం. గాలి ఒత్తిడితో నట్లు తిప్పే ఎయిర్ గన్ వచ్చాక నడుములు బతికాయి. అయితే గన్ను కొనేటప్పుడు నాలుగు కొట్లు తిరిగేవాళ్లు, దాని ముక్కుకు తగిలించే సాకెట్ దగ్గరికొచ్చేసరికి చేతికందింది తీసి పెట్టేస్తారు. నా బెంగంతా అక్కడే.

చేత్తో తిప్పే సాకెట్ సాధారణంగా క్రోమ్ వెనేడియం ఉక్కు. పల్చటి గోడ, పైన క్రోమ్ పూత, తళతళ మెరుస్తుంది. నిలకడగా తిప్పే చేతికి అది చాలు. గన్ను లోపలి సుత్తి నిమిషానికి వందల దెబ్బలు వేస్తుంది. వాటికి ఆ పల్చటి గోడ వంగదు, పగులుతుంది. గన్ను కోసమే చేసే ఇంపాక్ట్ సాకెట్‌ను ఎక్కువగా క్రోమ్ మాలిబ్డినం ఉక్కుతో చేస్తారు. గోడ మందం, రంగు నలుపు, దెబ్బను ఓర్చుకునే గుణం ఎక్కువ.

నాతో పనిచేసిన కుర్రాడొకడు నల్లది కొనివ్వమని యజమానిని అడిగి అడిగి విసిగిపోయాడు. ఒకనాడు లారీ అర్జెంటన్నారు. మెరిసేదే తగిలించి ట్రిగ్గర్ నొక్కాడు. సాకెట్ నిలువునా చీలి, గోరంత ముక్క కంట్లో దిగింది. ఆ కన్ను మళ్లీ చూడలేదు. ఇన్నేళ్లయినా ఆ యజమాని మీద నాకు కోపం తీరలేదు.

ఏమర్రా, వెనక వరసలో గుసగుసలు! ప్రాక్టికల్స్‌లో కళ్లజోడు నుదుటి మీద పెట్టుకునేది మీరేనటగా, సారు చెప్పారు. నుదుటికి చూపుందా నాయనా? దించుకోండి. చెవులకు మఫ్‌లు పెట్టుకోండి. వదులు గ్లవ్స్ వద్దు, తిరిగే సాకెట్ వాటిని చుట్టేసుకుంటుంది.

నల్లరంగు చూసి మోసపోవద్దు. ఇంపాక్ట్ అని ముద్ర ఉందో లేదో, గోడ మందమెంతో చూడండి. ఆరు మూలలదే తీసుకోండి, పన్నెండు మూలలది నట్టు మూలలు అరగదీస్తుంది. 32 మి.మీ. నట్టుకు 33 మి.మీ. సాకెట్ వేసి, పట్టిందిలే అనుకోవద్దు. కారుకు అరంగుళం గన్ను, లారీ చక్రానికి అంగుళం గన్ను. మధ్యలో అడాప్టర్ మీద అడాప్టర్ పెడితే దెబ్బ బలం దారిలోనే పోతుంది, ఏదో ఒకటి విరుగుతుంది.

పెద్ద సాకెట్‌ను గన్నుకు పట్టి ఉంచేది ఒక పిన్ను, దాని మీద రబ్బరు రింగు. రింగు తెగితే మేకు దూర్చి బైండింగ్ వైరు చుట్టే షెడ్డులు ఇప్పటికీ చూస్తున్నాను. ఆ వైరు తెగితే మేకు ఎటు ఎగురుతుందో చెప్పలేం. రింగు ఖరీదెంతని! సాకెట్ మార్చేటప్పుడు గాలి గొట్టం ఊడదీయండి, ట్రిగ్గర్ మీద వేలు లేదన్న ధీమా చాలదు.

ఇక బిగించడం. మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిప్పండి, మర అడ్డం పడితే చేతికి తెలుస్తుంది, గన్నుకు తెలియదు. తర్వాత గన్నుతో తేలిగ్గా పట్టించి, ఎదురెదురు నట్ల వరసలో టార్క్ రెంచితో ముగించండి. చిన్న కారుకు సుమారు 100 న్యూటన్ మీటర్లు, పెద్ద లారీకి సుమారు 600. కచ్చితమైన లెక్క ఆ బండి మాన్యువల్‌లో చూసుకోండి. గన్నుతో కసితీరా బిగిస్తే స్టడ్డు సాగుతుంది. అర్ధరాత్రి హైవే మీద టైరు పేలి, స్టెప్నీ మార్చబోయే డ్రైవరు వీల్ పానాతో ఆ నట్టు విప్పలేక ఏడుస్తాడు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగింపు చూపించుకోమని బండివాళ్లకు చెప్పండి.

నిలువునా చీలిన సాకెట్ ఒకటి, మంచి నల్లది ఒకటి తెచ్చి మీ వర్క్‌షాపులో వైస్ పక్కన పెట్టాను. భోజనాలకు వెళ్లేముందు రెండూ చేత్తో పట్టుకుని, గోడల మందం పోల్చి చూడండి.