తెరమీది తెలుగు అక్షరం: రూట్ చేసిన ఫోనులో ఫాంటు మార్పు



ఈనాటి ప్రసంగంలో మనం మాట్లాడుకోబోయే విషయం మీలో చాలామంది జేబులోనే ఉంది. స్మార్ట్‌ఫోను తెరమీద కనిపించే అక్షరాల రూపాన్ని, అంటే ఫాంటును, ఫోనంతటికీ ఒకేసారి మార్చడం ఎలా జరుగుతుంది? దానికోసం ఫోనును 'రూట్' చేయడం అంటే ఏమిటి? కాలేజీ హాస్టళ్లలో ఈ పని చేసి చూసేవాళ్లు ఒకరిద్దరైనా ఉంటారు. కానీ చేసినవాళ్లలో కూడా లోపల ఏం జరిగిందో తెలిసినవాళ్లు తక్కువ. మీచేత ఫోను రూట్ చేయించాలన్నది నా ఉద్దేశం కాదు. భయపెట్టి ఆపాలన్నదీ కాదు. ఒక తెలుగు అక్షరం తెరమీదికి రావడానికి ఎంత దారి నడుస్తుందో చూస్తే, ఆ దారిలో మనం ఎక్కడ చెయ్యి పెట్టవచ్చో, ఎక్కడ పెడితే కాలుతుందో మీకే తెలుస్తుంది.

ముందుగా ఒక ప్రశ్న. 'స్త్రీ' అనే మాట ఫోను మెమరీలో ఎలా ఉంటుంది? బొమ్మగా ఉండదు, సంఖ్యలుగా ఉంటుంది. ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో, 1991లో వచ్చిన మొదటి సంచిక నుంచే తెలుగుకు చోటు ఉంది. 3072 నుంచి 3199 వరకు మొత్తం 128 స్థానాలు మనవి. ఈ లెక్కన 'స్త్రీ' అంటే వరుసగా స 3128, పొల్లు 3149, త 3108, మళ్లీ పొల్లు 3149, ర 3120, గుడి దీర్ఘం 3136. మెమరీలో ఆరు సంఖ్యలు, కంటికి మాత్రం ఒక్కటే అక్షరం. ఈ ఆరింటినీ ఒకటిగా చేసేది ఎవరు?

ఇక్కడ పాత అచ్చుకూటాన్ని ఒకసారి గుర్తు చేసుకుందాం. మీరు చూసి ఉండకపోవచ్చు, మీ తాతగార్లు చూసే ఉంటారు. అక్కడ సీసపు అక్షరాలు గళ్లుగళ్లుగా ఉన్న చెక్క కేసులో ఉండేవి. కంపోజిటరు వాటిని ఒక్కొక్కటే ఏరి వరుసలో పేర్చేవాడు. ఏ అక్షరం కింద ఏ వత్తు పెట్టాలో, ఏ వత్తును కాస్త పక్కకు జరపాలో అతని చేతికి తెలుసు. ఫోనులోనూ ఈ రెండూ ఉన్నాయి. ఫాంటు ఫైలు టైపు కేసు వంటిది. కంపోజిటరు పని చేసే ప్రోగ్రాము వేరే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో దాని పేరు హార్ఫ్‌బజ్. వినడానికి వింతగా ఉన్నా అది పారశీక పదం. 'తెరిచిన అక్షరం' అని అర్థం. బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ అనే ఇరాన్ సంతతి ప్రోగ్రామరు దీన్ని తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడు.

ఫాంటులో ప్రతి అక్షరం గీతలూ వంపులూ కలిసిన గణిత రూపంగా దాగి ఉంటుంది. అందుకే ఎంత పెద్దది చేసినా అంచులు పగలవు. ఇంగ్లీషుకు పెద్దబడి, చిన్నబడి కలిపి 52 అక్షరాలు గీస్తే ముఖ్యమైన పని అయిపోతుంది. మనకో? 35 హల్లులు, ఒక్కో హల్లుకు 35 వత్తులు అనుకుంటే 1,225 జంటలు. ప్రతి జంటకు 14 గుణింత రూపాలు వేసుకుంటే 17,150. ఇక 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి మూడు హల్లుల కూడికలు ఈ లెక్కలోకే రాలేదు. వీటిలో చాలావాటిని భాష ఎప్పుడూ వాడదు, నిజమే. అయినా వాడేవాటన్నిటినీ విడివిడిగా గీయడం అయ్యే పని కాదు. అందుకే తెలుగు ఫాంటులో బొమ్మలతో పాటు నియమాల పట్టిక కూడా ఉంటుంది. 'త తర్వాత పొల్లు, ఆ తర్వాత ర వస్తే ర స్థానంలో క్రావడి ముక్క వెయ్యి' అన్నట్టుగా ఉంటాయి ఆ నియమాలు. కంపోజిటరు ఆ పట్టిక చదివి అక్షరాన్ని కూరుస్తాడు. ఫాంటు మార్చాలనుకునేవారు ముందుగా గుర్తుంచుకోవలసింది ఇదే. బొమ్మలు ఎంత అందంగా ఉన్నా, నియమాల పట్టిక లేని ఫాంటు తెలుగుకు పనికిరాదు.

ఈ మాట అనుభవం మీద తేలినదే. మొదటి ఆండ్రాయిడ్ ఫోను 2008లో వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లపాటు చాలా ఫోన్లలో తెలుగు కేసూ లేదు, తెలుగు తెలిసిన కంపోజిటరూ లేడు. తెలుగులో ఎస్సెమ్మెస్ వస్తే వరసగా ఖాళీ డబ్బాలు కనిపించేవి. ఆ డబ్బాలకు 'టోఫు' అని ముద్దుపేరు. టోఫు అంటే సోయా పనీరు ముక్క. గూగుల్ తర్వాత తయారు చేయించిన 'నోటో' ఫాంటుల పేరుకు అర్థం 'ఇక టోఫు వద్దు' అనే. ఆ రోజుల్లో మనవాళ్లు తెలుగు చదవడానికి రెండు దారులు వెతుక్కున్నారు. మొదటిది ఒపెరా మినీ బ్రౌజరు. అందులో ఒక సెట్టింగు మారిస్తే, తెలుగు అక్షరాలను దూరాన ఉన్న సర్వరే కూర్చి బొమ్మలుగా పంపేది. ఫోనుకు తెలుగు రాకపోయినా తెలుగు కనిపించేది. చాలా తెలివైన ఉపాయం అది.

రెండో దారి రూట్ చేయడం. ఫోనులో ఇతర భాషల అక్షరాలకోసం పెట్టిన ఆపద్ధర్మపు ఫాంటును తీసేసి, అదే పేరుతో తెలుగు అక్షరాలున్న ఫైలును పెట్టేవారు. డబ్బాలు పోయి అక్షరాలు కనిపించేవి. కానీ ఎలా? 'స్త్రీ' అన్నచోట స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం, అన్నీ విడివిడిగా, కొట్టుకుపోయిన పంటలాగా. కేసు వచ్చింది, కంపోజిటరు రాలేదు. పైగా ఆ ఫైలులో ఉన్న చైనా, జపాను అక్షరాలు పోయేవి. 2012లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.1 తోనే తెలుగు, కన్నడ, మలయాళ లిపులను కూర్చడం ఆ వ్యవస్థలో భాగమైంది.

కంపోజిటరు తడబడితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. 'జ్ఞా' అనే మన అక్షరాన్ని, మధ్యలో కంటికి కనిపించని ఒక విడదీత గుర్తుతో పంపితే ఐఫోనులోని సందేశాల అప్లికేషన్లు కుప్పకూలేవి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న 11.2.6 సంచికతో ఆ లోపాన్ని సరిదిద్దింది. ఫాంటులో లోపం ఉంటే సాధారణంగా అక్షరం వికారంగా కనిపిస్తుంది, అంతవరకే. కూర్పులో లోపం ఉంటే మొత్తం అప్లికేషనే ఆగిపోవచ్చు.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఆండ్రాయిడ్‌కు పునాది లైనక్స్. ఫాంటులు 'సిస్టమ్' అనే భాగంలోని 'ఫాంట్స్' ఫోల్డరులో ఉంటాయి. వాటి వరసను చెప్పే జాబితా ఫైలు వేరే ఉంటుంది. సాధారణంగా ఆ జాబితాలో మొదటిది రోబోటో, అంటే ఇంగ్లీషు అక్షరాల ఫాంటు. ఫోను ప్రతి సంఖ్యకూ ముందు మొదటి ఫాంటులో వెతుకుతుంది. 3128 అందులో లేదు కనుక జాబితాలో కిందికి దిగి, నోటో సాన్స్ తెలుగు దగ్గర ఆగుతుంది. చాలామంది రోబోటో ఫైలును మార్చి 'తెలుగు మారలేదేమిటి?' అని అడగడానికి కారణం ఇదే. తెలుగు మారాలంటే తెలుగు ఫైలునే మార్చాలి. ముద్దక్షరాలకు వేరే ఫైలు ఉంటే దాన్నీ మార్చాలి. లేకపోతే వార్త ఒక రూపంలో, శీర్షిక మరో రూపంలో కనిపిస్తాయి.

అయితే ఆ ఫోల్డరులో రాసే అధికారం మీకు లేదు. హాస్టలులో ప్రతి గదికీ వేరే తాళం ఉన్నట్టు, ఆండ్రాయిడ్‌లో ప్రతి అప్లికేషనుకూ వేరే గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఒకరి గదిలోకి మరొకరు వెళ్లలేరు. అన్ని తాళాలూ తెరిచే వార్డెను పేరు 'రూట్', ఆయన సంఖ్య సున్నా. ఫోను కొన్నవారికి కూడా ఆ తాళాలగుత్తి ఇవ్వరు. దాన్ని సంపాదించడమే రూట్ చేయడం. దానికి ముందుగా ఫోను లేచేటప్పుడు పనిచేసే బూట్‌లోడరు తాళం తీయాలి. సాధారణంగా అలా తీసిన క్షణంలోనే ఫోనులోని ఫొటోలు, ఫైళ్లు అన్నీ చెరిగిపోతాయి. అది పొరపాటు కాదు, కావాలని పెట్టిన రక్షణ. లేకపోతే ఫోను దొంగిలించినవాడు తాళం తీసి మీ సమాచారమంతా చదువుకుంటాడు.

గుత్తి దొరికాక కూడా ఒక చిక్కు ఉంది. ప్రతి ఫైలుకూ అనుమతుల సంఖ్య ఉంటుంది. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఫాంటు ఫైలుకు 644 ఉండాలి. అంటే యజమాని చదవగలడు, రాయగలడు, కనుక 4+2. తక్కినవాళ్లు చదవగలరు, కనుక 4, 4. కాపీ చేసినప్పుడు అది 600గా మిగిలితే వార్డెను తప్ప ఎవరూ ఫాంటును చదవలేరు. మా విద్యార్థి ఒకరు తెచ్చిన ఫోను కంపెనీ గుర్తు చూపించి ఆరిపోయి, మళ్లీ అదే గుర్తు చూపిస్తూ ఒక పూటంతా అలాగే తిరిగింది. లోపం ఫాంటులో లేదు, ఆ మూడంకెలలో ఉంది.

తర్వాతి కాలంలో కంపెనీలు ఈ తలుపును మరింత బిగించాయి. సిస్టమ్ భాగాన్ని చిన్న ముక్కలుగా చేసి, ప్రతి ముక్క నుంచి ఒక వేలిముద్ర వంటి సంఖ్యను లెక్కిస్తారు. ఆ సంఖ్యలన్నిటి మీద కలిపి మరో సంఖ్య కట్టి, దానికి కంపెనీ సంతకం వేస్తారు. ఒక్క ఫాంటు ఫైలు మారినా లెక్క తప్పుతుంది, ఫోను లేవనంటుంది. 2019లో ఆండ్రాయిడ్ 10 వచ్చాక విడుదలైన చాలా ఫోన్లలో ఆ భాగాన్ని రాయడానికి వీలుగా తెరవడమే కుదరదు. దీనికి విరుగుడుగా 2016లో వచ్చిన మ్యాజిస్క్ వంటి సాధనాలు అసలు ఫైలును ముట్టుకోవు. మేము తరగతిలో ఓవర్‌హెడ్ ప్రొజెక్టరు మీద ఒక షీటుపై మరో షీటు పరిచేవాళ్లం. కింద ఉన్నది అలాగే ఉంటుంది, పైన పరిచినదే తెరమీద కనిపిస్తుంది. ఇదీ అంతే. షీటు తీసేస్తే పాత ఫాంటు తిరిగి వస్తుంది. నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది, వెనక్కి రావడానికి దారి ఉంచుతుంది కనుక.

ఫాంటు ఎంపికలో తెలుగువాళ్లకు ప్రత్యేకమైన సమస్య ఒకటి ఉంది. దీని గురించి కాస్త ఆగి మాట్లాడాలి. ఇంగ్లీషు పక్కలకు సాగే లిపి. మనది పైకీ కిందికీ పెరిగే లిపి. పైన తలకట్టు, గుడి, ఏత్వం. కింద వత్తు, ఆ వత్తు కింద ఒక్కోసారి ఇంకో వత్తు. ఫోనులోని బటన్ల, మెనూల ఎత్తు మొదట ఇంగ్లీషు కొలతతో కట్టినది. ఆ గదిలో 'రాష్ట్ర' పట్టాలంటే ఒదిగి కూర్చోవాలి. అందుకే నోటోలో తెలుగుకు రెండు రూపాలు చేశారు. చదువుకునే పాఠానికి విశాలమైనది ఒకటి, మెనూలకోసం ఎత్తు తగ్గించినది మరొకటి. మీరు పుస్తకాలకోసం గీసిన అందమైన ఫాంటును మెనూ ఫైలు స్థానంలో పెడితే వత్తులు సగానికి తెగిపోతాయి. పోతన 2000, లోహిత్ తెలుగు, మండలి, మల్లన్న, రామభద్ర, గిడుగు, ఇలా ఉచితంగా దొరికే మంచి తెలుగు ఫాంటులు మనకు ఉన్నాయి. కానీ శీర్షికకోసం గీసినది శీర్షికకే బాగుంటుంది. రామభద్ర వంటి లావుపాటి అక్షరాలతో ఫోనంతా నింపితే రెండో రోజుకే కళ్లు మొరాయిస్తాయి.

ఇక నష్టాల సంగతి. రూట్ అయిన ఫోనును బ్యాంకుల అప్లికేషన్లు, చెల్లింపుల అప్లికేషన్లు చాలావరకు నమ్మవు, తెరుచుకోవు. వాటిది మూర్ఖత్వం కాదు. వార్డెను తాళాలగుత్తి బల్లమీద పడి ఉన్న హాస్టలులో ఎవరు డబ్బు దాచుకుంటారు? ముక్కూమొహం తెలియనివారు పంపిన 'ఫాంటు ప్యాకేజీ'ని రూట్ అధికారంతో నడిపితే అది ఫాంటును మాత్రమే మారుస్తుందన్న హామీ ఏదీ లేదు. మీ అమ్మగారి ఓటీపీలు వచ్చే ఫోనుమీద ఈ ప్రయోగం చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. అటకమీద పడి ఉన్న, సిమ్ కార్డు లేని పాత ఫోను ఉంటే దానిమీద చేయండి. పాడైనా పాఠం మిగులుతుంది. రూట్ చేయకుండానే ఫాంటు మార్చుకునే వీలు కొన్ని కంపెనీల సెట్టింగులలోనే ఉంది. కానీ అక్కడ ఎక్కువగా ఇంగ్లీషు సొగసులే కనిపిస్తాయి. తెలుగుకు రెండు మూడు రూపాలైనా ఇవ్వమని కంపెనీలను అడగడం, నా దృష్టిలో, తాళాలు విరగ్గొట్టడం కంటే ముందు చేయవలసిన పని. చదువుకోవడం వరకే అయితే, మనకు నచ్చిన ఫాంటును పెట్టుకోనిచ్చే ఈ-పుస్తక అప్లికేషన్లు ఉన్నాయి. వాటికి ఏ అధికారమూ అక్కర్లేదు.

కొత్త ఫాంటు ఏదైనా చేతికి వస్తే, ఫోనులోనైనా కంప్యూటరులోనైనా, ఈ పరీక్ష చేసి చూడండి. స్త్రీ, రాష్ట్రం, లక్ష్మి, జ్ఞానం, తృష్ణ, ఫేస్‌బుక్, ఈ ఆరు మాటలు టైపు చేయండి. 'లక్ష్మి'లో కింది మ వత్తు తెగిందా? 'తృష్ణ'లో వట్రసుడి, ణ వత్తు ఒకదాన్నొకటి తాకుతున్నాయా? 'ఫేస్‌బుక్'లో పొల్లు తర్వాత 8204 అనే కనిపించని గుర్తు ఉంది. దాన్ని గౌరవించి స, బ లను విడిగా ఉంచిందా, లేక స కింద బ వత్తు వేసిందా? ఈ ఆరు మాటలనూ సరిగా చూపించని ఫాంటును ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టేయండి. మీ పేరును కూడా ఏడో మాటగా చేర్చుకోవచ్చు.